మట్టెలకు జాగ

మా వీధి ఆడవాళ్ల కొలతలన్నీ నాకు నోటికొచ్చు. ఎవరికి భుజం దిగువ, ఎవరికి చేయి లావు, ఎవరు ఏడాదిలో రెండంగుళాలు పెరిగి “బిగుతు కుట్టినవ్ నవనీతా” అని నా మీదికే వస్తారు, అన్నీ తెలుసు. సిద్దిపేటలో పన్నెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. కాబట్టి బూట్ల కంపెనీలను నాలుగు మాటలనే హక్కు నాకుంది. మనిషి పాదం ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతుంది. వాళ్ల బూటేమో ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. నేను అలాంటి జాకెట్ కుడితే నా ముఖానే కొట్టి పోతారు.

పరుగు నాకు బడిలో అంటుకున్న జబ్బు. పెళ్లయ్యాక కొన్నాళ్లు అణిగి ఉంది. నా భర్త నాగేశ్ షార్జాకు మేస్త్రీ పనికి పోయాక మళ్లీ తిరగబెట్టింది. రిటైరైన పీఈటీ కర్ణాకర్ సారు తెల్లవారుజామున కోమటిచెరువు కట్ట మీద పది మందిని పోగేసి ఉరికిస్తాడు. ఏటా చలికాలంలో చిన్నకోడూరు అవతల గుట్టల్లో పది కిలోమీటర్ల పరుగు పెడతాడు. గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఒకటే మెడల్, ఒకటే ఉప్మా.

గుట్టల్లో నన్ను బాధపెట్టింది రాళ్లు కాదు, నా కాలి మట్టెలు. మట్టె ఉన్న వేలు కొంచెం ఎక్కువ జాగ అడుగుతుంది. మామూలు బూటు ఆ జాగ ఇవ్వదు. రెండు కిలోమీటర్లు దాటేసరికి వెండి పక్క వేలిని కోస్తుంది, నాలుగు దాటితే సాక్సు ఎర్రబడుతుంది. దూది పెట్టి చూశాను. గుడ్డ పేలిక చుట్టి చూశాను. ఒక సైజు పెద్ద బూట్లు కూడా కొన్నాను. వాటిలో పాదం ముందుకు జారి గోళ్లు నల్లబడ్డాయి, అదీ లాభం.

అందుకని పోయినేడాది పరుగు నాడు మట్టెలు తీసేశాను. అత్తమ్మ కంట పడకూడదని ఆవాల డబ్బాలో దాచాను. నా తెలివి చూడండి. అత్తమ్మ రోజూ చేయి పెట్టే డబ్బా అది.

ఆ రోజు హాయిగా ఉరికాను. మెడల్ వేసుకుని ఇంటికొచ్చేసరికి అత్తమ్మ కొండవ్వ గడప మీద కూర్చుని ఉంది. షార్జాలో నాగేశ్ పరంజా మీది నుంచి పడ్డాడట, చేయి విరిగిందట, అప్పుడే ఫోన్ వచ్చిందట. ఆమె పిడికిట్లో నా మట్టెలున్నాయి. తిట్టలేదు. మట్టెలను నీళ్లతో కడిగి, నా మురికి కాళ్లు తన ఒళ్లోకి తీసుకుని, తనే తొడిగింది. “తియ్యకు బిడ్డా” అన్నది, అంతే. నా కాలి వెండికీ ఎక్కడో ఉన్న పరంజాకీ సంబంధం లేదని నాకు తెలుసు. ఆ మాట ఆ పూట ఒక తల్లితో అనేంత మొండిదాన్ని మాత్రం కాను.

నాగేశ్ చేయి మూడు నెలల్లో అతుక్కుంది. అతను మళ్లీ పనిలోకి పోయాడు. నేను మాత్రం బూట్లు అటక మీద పడేసి, మోకాళ్లు నొస్తున్నాయని కర్ణాకర్ సారుకు అబద్ధం చెప్పాను. పొద్దున లేవడం, వండటం, కుట్టడం. ఎవరైనా కొలతలివ్వడానికి వస్తే టేపు వేయడం. ఒక పనిని ప్రేమించి మానుకుంటే మనిషికి ఎంత విసుగొస్తుందో ఆ ఏడాది తెలిసింది.

శ్రావణంలో నాకు జ్వరమొచ్చింది. ఒక మధ్యాహ్నం మందుబిళ్ల వేసుకుని పడుకుని లేస్తే కుడి పాదం అంచున నీలి పెన్ను గీత ఉంది. అత్తమ్మ దిష్టికి గీసిందేమో అనుకున్నాను. అడిగితే “ఏమో” అన్నది. సబ్బు పెట్టి కడుక్కున్నాను.

దీపావళి దాటాక షార్జా నుంచి సెలవు మీద వచ్చినవాళ్లతో నాగేశ్ ఒక పెట్టె పంపాడు. తెరిస్తే బూట్లు. అలాంటివి నేనెప్పుడూ చూడలేదు. ముందు భాగం బాతు కాలంత వెడల్పు. మడమ దగ్గర ఎత్తే లేదు, మునివేళ్ల నుంచి మడమ దాకా అడుగు ఒకే మందం. అడుగున మాత్రం రాళ్లను పట్టుకోవడానికి బుడిపెలున్నాయి. తొడుక్కుని నిలబడితే వేళ్లు ఐదూ విడివిడిగా పరుచుకున్నాయి. మట్టె పక్క వేలిని తాకలేదు. గట్టిగా అడుగేశాను, గెంతాను. అయినా తాకలేదు. సంతోషం పట్టలేక అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఒక్కసారి నా కాళ్లను చూసి, మళ్లీ రాట్నం మీద కండెలు చుట్టుకోసాగింది. ముప్పై ఏళ్లు మామయ్యతో కలిసి గుంత మగ్గం నేసిన మనిషి ఆమె. మామయ్య పోయి పదకొండేళ్లయింది. ఇప్పుడు పక్కింటి మగ్గానికి కండెలు చుట్టి ఇస్తుంది. నేను ఉరకడం ఆమెకు ఇష్టం లేదని అప్పుడు నిశ్చయించుకున్నాను.

కర్ణాకర్ సారు బూట్లను చేత్తో వంచి చూశాడు.

“మంచియే గని నవనీతా, పైలం, జర సూసుకో. కాలి ఏళ్లకు జాగున్నది, గుట్ట దిగేటప్పుడు ఏళ్లు నేలను పట్టుకుంటయ్, కాలు బెణకదు. గిదంత లాభం. ఇగ నష్టం చెప్త ఇను. మడిమె కింద ఎత్తు లేదు. ఇన్నేండ్లు ఎత్తు బూట్లల్ల ఉరికినవ్, పిక్క నరం కురుచైంటది. దాన్ని ఒక్కపారి కిందికి గుంజితె ఊకుంటదా? మొదలు అర్ధగంట నడువు. వారం పోయినంక జరంత ఉరుకు. పాత బూట్లు పారెయ్యకు.”

“మల్ల పరుగుకు మూడు వారాలే ఉన్నది గద సార్?”

“అందుకే చెప్తున్న. ఈసారి పాతయి తొడుగు.”

పాతవాటిలో మట్టెలు పట్టవని సారుకెలా చెప్పను? తలూపి వచ్చి మరునాడే కొత్తవి వేసుకుని ఎనిమిది కిలోమీటర్లు ఉరికాను. మట్టెలు చల్లగా ఉన్నాయి. పిక్కలు మాత్రం పగబట్టాయి. రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. కుట్టు మిషన్ తొక్కుతుంటే మడమ వెనక నరం చురుక్కుమనేది. అయినా ఊరుకున్నానా? మూడో రోజు మళ్లీ ఉరికాను. రెండు వారాలు ఇదే వరస.

అత్తమ్మ నువ్వుల నూనె వేడి చేసి తెచ్చి, చెప్పకుండానే నా పిక్కలు పిసికింది.

“గుంత మగ్గం కొత్తగ తొక్కినప్పుడు నాక్కూడ గిట్లనే కట్టుకపోయినయ్” అన్నది. “నెల దినాలైతె కాళ్లు మాట ఇన్నయి.”

“నెల దినాలు ఏడున్నయత్తమ్మా? పరుగు ఐతారమే గద.”

ఆమె నూనె గిన్నె తీసుకుని లేచింది. ఆ రోజు బుధవారం.

శుక్రవారం పొద్దున బూట్లు తీస్తే అవి నా బూట్లు కావనిపించింది. రెండింటి మడమల కిందా నల్లటి టైరు ముక్కలు, అంగుళం మందాన, బంక పెట్టి, చుట్టూ చిన్న మేకులు కొట్టి ఉన్నాయి. మడమ లేని బూట్లని పేరుపడ్డ బూట్లకు మడమలు మొలిచాయి.

“అత్తమ్మా, గిదేంది?”

“మడిమె పెట్టిపిచ్చిన బిడ్డా” అన్నది రాట్నం ఆపకుండానే. “దుకాణపోడు మన పోరన్ని మోసం చేసిండు. మడిమెనే పెట్టలే అండ్ల. నీ కాళ్లు గుంజేది దానికే. బస్టాండు కాడ చెప్పులు కుట్టే ఇస్తారి లేడా, వాని తాన కొట్టిపిచ్చుకొచ్చిన.”

నాకు ఒళ్లు మండింది.

“నిన్నెవరు చెయ్యమన్నరు? నేను ఉరుకుడు నీకు ఇష్టం లేదు. గా మాట నోటితోని చెప్పు. బూట్లు ఖరాబు చేసుడెందుకు?”

రాట్నం ఆగింది. “ఇష్టం లేదని నేనెప్పుడన్న అన్ననా?” అని మెల్లగా అడిగి, చేతిలోని కండె బుట్టలో వేసి లోపలికి పోయింది. నేను అంతటితో ఆగలేదు. కొడుక్కి ఫోన్ చేసి మరీ తల్లి మీద చాడీ చెప్పాను.

“ఏందయ్యా, నువ్వు ఏరికోరి పంపిన బూట్లను నీ అవ్వ ఏం చేసిందో ఎరికేనా?”

అంతా విని నాగేశ్ పడీ పడీ నవ్వాడు. “నేను ఏరికోరి పంపిన్నని నీకెవరు చెప్పిండ్రు?”

“మల్ల?”

“ఆగు, ఒక ఫోటో పంపుత.”

ఫోటో వచ్చింది. మన తెలుగు పేపరే, మూలన తొక్కు నూనె మరక. దాని మీద నీలి పెన్నుతో గీసిన పాదం, నిండుగా, అసలు కొలతలో. రెండో వేలి దగ్గర ఒక సున్నా ఉంది. దాని మీదే మళ్లీ మళ్లీ పెన్ను తిప్పి, కాగితం చిరిగేదాకా దిద్దారు.

“సెలవు మీదొచ్చి పోయిన ఓంప్రకాశ్ తోని మామిడి తొక్కు పంపింది సూడు, గండ్లనే గీ పేపర్ మడతవెట్టి పంపింది” అన్నాడు నాగేశ్. “ఫోన్ల ఒక్కటే పోరు. ‘గా సున్న మట్టె కొడుకా, బూటుకు అది తాకద్దు, ఏడున్నా దేవులాడు’ అని. సెలవు దొరికినప్పుడల్ల గా పేపర్ వట్టుకొని దుకాణాలు తిరిగిన. జూసినోళ్లంత నవ్విండ్రు. ‘పిల్ల ఉరుకుడు బందు వెట్టినంక నవ్వుడు బందు వెట్టింది, దానికి ఉరుకుడూ ఉండాలె, మట్టెలూ ఉండాలె’ అన్నది అవ్వ. నీకు చెప్పద్దన్నది. చెప్తె సిగ్గువడ్తవంట.”

పన్నెండేళ్లుగా ఊరి వాళ్ల కొలతలు తీస్తున్నాను. నా కొలత ఒకరు తీశారని, అదీ నేను జ్వరంతో పడుకుని ఉంటే నిద్ర చెడకుండా తీశారని నాకు తెలియదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పెన్ను పట్టడం రాని మనిషి నా ఐదు వేళ్ల చుట్టూ ఎంతసేపు తంటాలు పడిందో కదా.

వంటింట్లోకి పోతే అత్తమ్మ ఆవాల డబ్బా ముందు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది.

“తప్పయింది అత్తమ్మా.”

“ఏం తప్పు? నడువు, ఇస్తారి తాన తీపిస్త.”

ఇద్దరం బస్టాండుకు పోయాం. ఇస్తారి బూటును అటూ ఇటూ తిప్పి తల అడ్డంగా ఊపాడు. “పీకుత గని చెల్లె, మేకులెంబడి అడుగు బుడిపెలు గుడ ఊడొస్తయ్. గుండు అడుగైతది. గుట్ట మీద జారుతవ్.”

అత్తమ్మ ముఖం చిన్నబోయింది. అది నేను చూడలేకపోయాను.

“ఉండనీ అన్నా. గట్లనే ఉరుకుత” అన్నాను. “అత్తమ్మా, ఐతారం నువ్వు గుడ రా.”

ఆదివారం పొద్దున కర్ణాకర్ సారు నా బూట్లు చూసి నోరు తెరిచాడు కానీ, పక్కన అత్తమ్మను చూసి మూసుకున్నాడు. బయలుదేరాం. చెబితే నమ్మరు, ఎక్కేటప్పుడు టైరు మడమలు నాకు మేలే చేశాయి. పిక్కల మీద గుంజుడు తగ్గింది. అలవాటు లేని కాలికి సున్నా ఎత్తు ఎంత బరువో నాకు అప్పటికి తెలిసింది, అత్తమ్మకు మూడు రోజుల ముందే తెలిసింది. దిగేటప్పుడే వచ్చింది చిక్కు. ఆరో కిలోమీటరు దగ్గర ఎడమ మడమ ఊడి రాళ్లలో పడింది. దాంతోపాటు బుడిపెలూ వచ్చేశాయి. ఒక కాలు ఎత్తు, ఒక కాలు పల్లం. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. టైరు ముక్క ఏరి చున్నీ కొంగున కట్టుకుని, మిగతా దారంతా కాసేపు ఉరుకుతూ, కాసేపు కుంటుతూ వచ్చాను. నా వెనక మోకాలి పట్టీ వేసుకున్న పెద్దమనిషి ఒక్కడే మిగిలాడు. అయినా ఏడాది తర్వాత నేను ఉరుకుతున్నాను. ఆ గాలికీ, ఆ ఆయాసానికీ నాకు నవ్వు ఆగలేదు.

పరుగు ముగిసేచోట అత్తమ్మ తాడు అవతల నిలబడి ఉంది. అందరూ నా ముఖం చూసి చప్పట్లు కొడితే ఆమె నా కాళ్లు చూసింది. నన్ను బండ మీద కూర్చోబెట్టి తను నేల మీద కూర్చుంది. నేను రెండు ముళ్లు వేసిన బూటు నాడాలను చిక్కుపడిన పోగులు విప్పిన వేళ్లతో చిటికెలో విప్పింది. బూట్లు తీసింది, సాక్సులు తీసింది. వేళ్ల మధ్య వేళ్లు పెట్టి, ఒక్కో వేలినీ పక్కకు జరిపి చూసింది. ఎక్కడా నెత్తురు లేదు. మట్టెలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

“అత్తమ్మా, అందరు సూస్తుండ్రు.”

“సూడనీ.”

తన ఫోన్ నా చేతికిచ్చి నాగేశ్‌కు వీడియో కాల్ చేయమంది. అతను కనపడగానే లాక్కుని, ఫోన్‌ను నా దుమ్ము కాళ్ల దగ్గర పెట్టింది. పక్కనే నేల మీద ఆమె పాదాలు కూడా ఉన్నాయి, మట్టెలు తీసేసిన వేళ్లతో.

“ఎట్ల ఉరికింది అవ్వా?” అన్నాడు నాగేశ్.

“ఎట్లనో ఉరికింది గని, గిటు సూడు కొడుకా” అన్నది అత్తమ్మ. “రెండూ ఉన్నయ్. మంచిగ సూస్కో, రెండూ ఉన్నయ్. నువ్వు రేపు పైలంగ పనికి పో.”