ముద్దబంతి దండ వేసుకున్న ప్యానెల్

రామచంద్రపురం పక్క ఊరి బడిలో సైన్సు చెప్పే రత్నమాణిక్యం టీచరుకి ఆ ఉదయం కాఫీ కూడా సహించలేదు. ఏడో తరగతి గోడకి బిగించిన, వేలితో తాకితే పాఠాలు చూపించే పెద్ద టచ్ ప్యానెల్ సంగతి తేల్చడానికి మండల విద్యాధికారి బంగార్రాజుగారు వస్తున్నారు. దుమ్ము పడుతుందని దానికి పువ్వుల దుప్పటి కప్పి, ఇన్నాళ్లూ సుద్దముక్కతోనే నడిపేసిన మాట ఆయన చెవిన పడింది. వాడకపోతే పట్టుకెళ్లి వేరే బడికి ఇచ్చేస్తామని ఫోన్లో చెప్పేశారు. పిల్లలేమో ఆ దుప్పటి ఎప్పుడు తీస్తారా అని కళ్లు కాయలు కాసేలా చూస్తున్నారు.

అందుకని ఆవిడ, ఆఫీసువాళ్లు పంపిన సూచనలు పప్పు రుబ్బుతూ కూడా వల్లె వేసింది. వీడియో ముందే ఇంట్లో చూసుకోవాలి. మధ్యమధ్య ఆపి పిల్లల్ని ప్రశ్నలడగాలి. వాళ్ల చేత కూడా తెర మీద వేలు పెట్టించాలి. అది మొరాయిస్తే పాఠం ఆగిపోకుండా చేతికందే వస్తువేదైనా ఉంచుకోవాలి. ఆ చివరిదాన్ని మాత్రం పట్టించుకోలేదు. కొత్త వస్తువు, ఎందుకు మొరాయిస్తుందని.

పైగా సొంతంగా ఇంకో జాగ్రత్త తీసుకుంది. ఇంట్లో స్కూటీకీ మిక్సీకీ చేసినట్టే, దుప్పటి తీసి ప్యానెల్ అంచుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కడియం పూలతోటల నుంచి తెప్పించిన ముద్దబంతి దండ నిండుగా వేలాడేసింది.

బంగార్రాజుగారు వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. టీచరు పువ్వు పాఠం తెరిచింది. అది దానంతటదే మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే బొమ్మ ఉబ్బి, పక్కకి జారి, లెక్కల పాఠం వచ్చి కూర్చుంది.

“టీచర్, దీనికి గాలి సోకిందండి,” అంది ముందు వరసలో ఉన్న రామతులసి.

“నీకూ సోకుతుంది, నా చేతి గాలి. కూర్చోవే.”

పిల్లలు కిసుక్కున నవ్వారు.

“ఇంట్లో చూసుకొచ్చారా మేడమ్?” అన్నారు బంగార్రాజుగారు.

“చూశానండి. ఫోన్లో బుద్ధిగానే ఉందండి.”

ఇక ప్యానెల్ పోయినట్టే అనుకుంటుంటే, ఆ చివరి సూచన గుర్తొచ్చింది. చేతికందే వస్తువు! ఎదురుగా ఫ్యాను గాలికి దండ ఊగుతోంది. చటుక్కున తీసి, దారం తెంపి, బల్లకో పువ్వు పంచేసింది.

“విప్పండర్రా. ఒక్కో రేకూ నెమ్మదిగా లాగండి. అడుగున ఏముంది?”

“సన్నగా గింజలాంటిది ఉందండి. అన్నిటికీ ఉందండి.”

“మరదే. మీరు రేకు అనుకునేది ఒక్కొక్కటీ ఒక బుల్లి పువ్వు. బంతిపువ్వంటే పువ్వుల గుంపర్రా.”

బంగార్రాజుగారు కూడా ఒకటి ఒళ్లో పెట్టుకుని విప్పుతూ కూర్చున్నారు.

“టీచర్, గాలి వదిలేసిందండి,” అంది రామతులసి.

అందరూ తలెత్తారు. తెర మీద పాఠం కదలకుండా నిలబడి ఉంది. బంగార్రాజుగారు దగ్గరికొచ్చి అంచులు తడిమి, పకపకా నవ్వారు.

“దీని అంచుల్లో కంటికి కనబడని వెలుగుంటుంది మేడమ్. ఏది అడ్డొచ్చినా వేలనుకుంటుంది. ఇందాకటి నుంచీ మీ బంతిపూలే దీన్ని నొక్కుతున్నాయి.”

“శుభమని వేశానండి.”

“శుభమేగా జరిగింది. కానివ్వండి, పాఠం ఆపకండి.”

రామతులసి వెళ్లి తెర మీద పువ్వుని వేలితో పెద్దది చేసి, చేతిలో పువ్వుతో పోల్చి చూపించింది. మిగతావాళ్లు నేనంటే నేనని లేచారు.

వెళ్తూ వెళ్తూ బంగార్రాజుగారు గుమ్మంలో ఆగారు. “ప్యానెల్ ఇక్కడే ఉంటుంది మేడమ్. ఆ దుప్పటి మాత్రం ఇంటికి పట్టుకెళ్లండి.”

పట్టుకెళ్లింది. శుక్రవారం వచ్చేసరికి ప్యానెల్‌కి జానెడు పైన గోడకి మేకు కొట్టించి, దండ దానికి వేసింది. పసుపూ బొట్టూ కూడా మేకుకే.