వంకాయ పువ్వు మీద వాలని ఈగలు

హెడ్మాస్టరుగా రిటైరయ్యాక చిలకలూరిపేటలో నా మాట వినే ప్రాణి లేకుండా పోయింది. కోడలు వినదు. చర్చి కమిటీ అసలే వినదు. అందుకే డాబా మీద ఆరు పెట్టెల్లో తేనెటీగల్ని పెట్టుకున్నాను. అవీ నా మాట వినవనుకోండి, కానీ ఎదురు చెప్పవు.

ఊళ్లో ఎందుకంటారా? చేలల్లో పెడితే బతకవు. మిరపకీ పత్తికీ మనవాళ్లు కొట్టే మందులకి మనుషులకే కళ్లు తిరుగుతాయి, ఇక ఈగలెంత! పేటలో ఆ బాధ తక్కువ. పక్కింటి పున్నమ్మ పెరట్లో విరగబూసే మునగచెట్టు కూడా ఉంది.

పున్నమ్మ పత్తి జిన్నింగ్ మిల్లులో ముప్పయ్యేళ్లు పనిచేసి మానేసింది. డాబా మీద పాత సిమెంటు సంచుల్లో మట్టి నింపి వంగ మొక్కలు పెంచుతుంది. మనవరాలు మహిమ డెంగీతో చావు దాకా వెళ్లొచ్చిన ఏడు, తొలి కాపు ఏటా కోత పండగకి ఇస్తానని మొక్కుకుంది. మా చర్చిలో కోత పండగంటే ఎవరు పండించింది వాళ్లు తెచ్చి పాస్టరు గారి బల్ల ముందు పెట్టడం, ఆరాధన అయ్యాక వేలం వేయడం. బజార్లో కొనుక్కొచ్చి పెట్టేవాళ్లూ లేకపోలేదు. పున్నమ్మ మాత్రం చచ్చినా ఆ పని చేయదు.

పెట్టెలు దించిన రోజున గొప్పగా చెప్పాను.

"చూడు పున్నమ్మా, ఈ ఏడు నీకు గంపలకొద్దీ కాయలు. ఈగలెక్కువైతే కాపెక్కువ. ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో ఈ పాఠం!"

జనవరి అయిపోవస్తున్నా ఒక్క పిందె దిగలేదు. పూలు పూస్తున్నాయి, రాలిపోతున్నాయి. నీళ్లెక్కువయ్యాయన్నాను. ఎరువు చాల్లేదన్నాను. విత్తనం మంచిది కాదన్నాను. చెప్పిందల్లా చేసి, పున్నమ్మ ఒక పొద్దున పిట్టగోడ మీంచి కేకేసింది.

"మాస్టారూ, ఒకసారి ఇటొచ్చి చూడండి. మీ ఈగలు నా వంగపూల మీద వాలనే వాలటం లేదు!"

వెళ్లి స్టూలేసుకుని కూర్చున్నాను. నిజమే. వంగపువ్వులో తేనె ఉండదు, వాటికి దాంతో పనేముంది? మునగ మీద మాత్రం కొమ్మకొమ్మకీ నా ఈగలే.

"ఇదివరకు నల్ల తుమ్మెదలొచ్చేవండి," అంది పున్నమ్మ. "మునగపూల తేనె తాగి, ఇటొచ్చి వంగపువ్వుని కరుచుకుని జుయ్యిమని ఊపేవి. పుప్పొడి జలజలా రాలేది. ఇప్పుడు చెట్టు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి పోతున్నాయి."

ఏదో యాదృచ్ఛికం అని కొట్టిపారేసి వచ్చేశాను. కానీ కుదురుండలేదు. మూడు రోజులు పొద్దున్నే పిట్టగోడ దగ్గర నిలబడి చూశాను. తుమ్మెద వచ్చేసరికే నావి మునగంతా పీల్చేస్తున్నాయి. అది రెండు గుత్తులు వెతుక్కుని, హైవే దాటి వెళ్లిపోయేది. వంగపువ్వుని అలా దులపడం తుమ్మెదకి చేతనవును, నా ఈగలకి చేతకాదు. మూతి తడవని చోటికి తుమ్మెద మాత్రం ఎందుకొస్తుంది? పున్నమ్మ నాకంటే ముందే పాఠం చదివేసింది.

ఆ మాట ఆమెతో అనలేదు. కోత పండగ ఇంకా పది రోజులే. నా తొలి తేనె బల్ల ముందు పెట్టాలని మహా ఆశగా ఉంది. నోరు మూసుకున్నాను. సిగ్గులేని పని.

పండగ రోజున పాస్టరు గారు నా తేనె సీసా ఎత్తి చూపించారు. "ఈ వయసులో జయపాల్ మాస్టారి శ్రమ చూడండి!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పున్నమ్మ చివరి చాప మీద ఖాళీ చేతులతో, తల వంచుకుని కూర్చుంది. ఆ చేతులు చూశాక ఇక నావల్ల కాలేదు.

"అయ్యగారూ," అని లేచాను. "ఆ సీసా పున్నమ్మ పేరున వేలం వేయండి. ఆ పూలు ఆమె చెట్టువి. ఆమెకి వంకాయలు కాయకపోవడానికి నా ఈగలే కారణం. నాకు తెలిసి కూడా చెప్పలేదు."

"వద్దండి," అంది పున్నమ్మ వెనక నుంచి. "నేను పండించనిది నా పేరున పెట్టొద్దు."

గభాల్న వెళ్లి బల్ల మీది సీసా తీసేసుకున్నాను. మా చర్చిలో పెట్టిన అర్పణ వెనక్కి తీసుకున్నవాడు ఇంతవరకు లేడు. కమిటీ సెక్రటరీ "మాస్టారూ, అది దేవుడికిచ్చింది!" అని అరిచాడు. "నాదైతే కదయ్యా ఇవ్వడానికి," అని బయటికి నడిచాను.

మెట్ల మీద పున్నమ్మ నన్ను అందుకుంది.

"పెట్టెలేం చేస్తారు?"

"సాయంత్రమే ఊరవతల రైతు చెంచయ్య మిరప చేలోకి పంపించేస్తాను."

"మందు కొట్టే చేలోకా? చంపేస్తారా ఏంటి వాటిని? నా మొక్కు కోసం అన్ని ప్రాణాలు తీస్తే ఆ పాపం నాకే కదండీ!" కసిరింది. "రెండుంచుకోండి. మిగతావి వినుకొండ కొండ పక్కన మందు కొట్టని చోటెక్కడైనా వెతికి పంపండి. దొరికేదాకా ఇక్కడే ఉండనివ్వండి. వచ్చే ఏడు చూసుకుందాం."

"మరి ఈ ఏడు మొక్కు?"

"కాయలేదని ఆయనకి తెలియదా?" అని చెయ్యి చాపింది. "ఆ సీసా ఇటివ్వండి. నాకు దగ్గు తగ్గి చావటం లేదు. పక్కింటాయన ఇచ్చాడని తాగుతాను."

అరవై నాలుగేళ్లవాణ్ణి, చర్చి మెట్ల మీద చిన్నపిల్లాడిలా ఏడ్చాను.