రివాల్వర్ అప్పగించిన రోజులు

తొమ్మిదే రావాలంటుంది పక్క సీట్లోంచి మా ఆవిడ ప్రమీల, నంబరులో అంకెలన్నీ కూడితే తొమ్మిది వచ్చేదే తీసుకోమని చెప్పండి అంటుంది, అదేదో కొత్త బండి నంబరైనట్టు, అవతల సుస్మిత ఫోన్లో నవ్వుతోంది, డాడీ, ఇక్కడ మా బ్యాచ్ వాళ్లంతా అవే లెక్కలేసుకుంటున్నారు, రివాల్వర్లన్నీ బల్ల మీద వరసగా పెట్టి చేతికి నప్పింది ఏరుకోమన్నారు, నా వంతొచ్చేసరికి ఇంకా టైం పట్టుద్ది, తాతయ్యకి రివాల్వర్ ఉండేదిగా, ఎలాంటిది తీసుకోమంటావ్, అని ఎస్సై ట్రైనింగు ముగించిన కూతురు ఎనిమిదో క్లాసుతో బడి మానేసిన నన్ను అడుగుతోంది, జగ్గయ్యపేట బస్సు నందిగామ స్టాండులోంచి కదులుతోంది, కండక్టరు పేట పేట అని అరుస్తున్నాడు, ఉండమ్మా ఆలోచించి చెబుతా అన్నాను, ఆలోచించడానికేముంది, ఆ ఇనుము నాకు తెలియనిదా, దొంగల భయమని లైసెన్సు తీసుకుని కొన్నాడు మా నాన్న రత్తయ్య, దొంగలు రాలేదు గానీ ఇంట్లో మేమందరం గొంతు తగ్గించుకున్నాం, పొలం పనికని నన్ను బడి మాన్పిస్తే ఉమాకాంతం మాస్టారు అడగడానికొచ్చారు, కుర్రాడు చురుకైనవాడండీ, పది దాకా అయినా చదవనివ్వండి అన్నారు, నాన్న రివాల్వర్ ముందు పెట్టుకుని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు, అమ్మ ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా మాస్టారు వెళ్లిపోయారు, ఇవాళ్టికీ మా తోడల్లుడు నలుగురిలో ఇంగ్లీషు దంచుతుంటే నాకా గుడ్డే కళ్లముందు ఆడుతుంది.

కానీ ఎలక్షన్లొస్తే మాత్రం, అబ్బ, ఆ రోజులే వేరు, లైసెన్సున్నవాళ్లందరూ తుపాకులు స్టేషన్లో అప్పగించాలని కబురొచ్చేది, నాన్న నన్ను రాజ్‌దూత్ వెనక కూర్చోబెట్టుకుని జగ్గయ్యపేట వెళ్లేవాడు, లోపల అప్పగించి బయటికొచ్చి నడుం తడుముకుని, ఏరా, ఒళ్లు తేలికైపోయిందిరా, పద పెసరట్టు తిందాం అనేవాడు, హోటల్లో సర్వరు జీవరత్నంతో వేళాకోళం, ఏమయ్యా, అట్టు పోశావా బ్యాలెట్ పేపరిచ్చావా, దానికి జీవరత్నం, మీ నడుం ఖాళీగా ఉందిగా రత్తయ్యగారూ, అందుకే ధైర్యంగా పల్చగా పోశానండి, నాన్న పొలమారేదాకా నవ్వేవాడు, ఫలితాలొచ్చేదాకా ఆ నెలన్నరా ఇంట్లో తిరిగేది వేరే మనిషి, అమ్మని ఒసేయ్ అనకుండా రాజ్యం అని పేరు పెట్టి పిలిచేవాడు, పత్తిచేలో నా భుజం మీద చెయ్యేసుకుని నడిచేవాడు, మబ్బు పడితే కూనిరాగం తీసేవాడు, లెక్కింపు కాగానే వెళ్లి మళ్లీ తెచ్చుకునేవాడు, ఇల్లు మళ్లీ మూగదయ్యేది, దేవుడా ఎలక్షన్లు తొందరగా రప్పించు అని మొక్కుకున్న పిల్లాణ్ణి దేశం మొత్తమ్మీద నేనొక్కణ్ణేనేమో.

చిల్లకల్లు దగ్గర మళ్లీ ఫోను, డాడీ, నా వంతొచ్చేసింది, తొందరగా చెప్పు, ఏదో ఒకటి తీసుకోమ్మా, కానీ సెలవుకి ఇంటికొచ్చేటప్పుడు దాన్ని స్టేషన్లో అప్పగించి రా, అదేంటి డాడీ, ఊళ్లో అందరూ చూడాలనుకుంటారుగా, అమ్మయితే హారతిస్తానంది, అప్పగించే రా అన్నాను, బస్సులో జనం తిరిగి చూశారు, ప్రమీల తల వంచుకుంది, అవతల కూతురికి మాట లేదు, మా ఇంట్లో ఉండేది సరిగ్గా ఈ నిశ్శబ్దమే, ఉత్త చేతులతో కూడా నేను నాన్నలాగే మాట్లాడానా అనిపించి గొంతు తగ్గించాను, సుస్మితా, తల్లీ, నీ మీద కోపం కాదమ్మా, బతిమాలుకుంటున్నా, సరేలే డాడీ, ఇచ్చేసే వస్తా, ఎందుకో మాత్రం అప్పుడు నాకు చెప్పాలి మరి, అని పెట్టేసింది, ఏం చెప్పను, నలభై ఏళ్లుగా నాన్నని తిట్టుకుంటూనే ఎవరికోసం ఇంత బెంగపెట్టుకున్నానో నాకే ఇప్పుడు తెలుస్తోంది, ఆ నెలన్నర మనిషి కోసం, ఆయనే మా నాన్న, మిగిలినన్నాళ్లూ మాతో కాపురం చేసింది రివాల్వర్.