తలుపుకి అటూ ఇటూ

ఆగస్టు గాలి పొద్దుటి నుంచి ఆగలేదు. మాలూటి కొండల మీంచి దిగి వాకిట్లో దుమ్ము లేపుతూ, గోడకు కొత్తగా పూసిన పేడమట్టిని చూస్తుండగానే ఆరబెడుతోంది. లినేయో నాలుగోసారి ఊట దగ్గరికి పోయి బకెట్ నింపుకొచ్చింది. ఒకచోట నిలబడలేకపోతోంది.

శనివారం చుట్టాలు వస్తారు. అక్క తకానే పోయిన నాటి నుంచి ఇంటిల్లిపాదీ భుజాలకు గుచ్చుకున్న నల్లగుడ్డ ముక్కలు ఆ రోజు తీసేస్తారు. ఆలోగా ముందుగోడ సిద్ధం కావాలి. తలుపుకి ఎడమ పక్క తడిమట్టిలో గళ్ల ముగ్గు ఎప్పుడూ అమ్మ మామోతేనా గీసేది. కుడి పక్క తకానేది. ఈసారి కుడి పక్క తనకే కావాలని తకానే కూతురు పుసెలెట్సో పట్టుబట్టింది. పన్నెండేళ్ల పిల్ల. ఇంతవరకు కోళ్లగూడు గోడ తప్ప గీసి ఎరగదు.

"గీయవే," అంది మామోతేనా. "ఎండ ఆ గట్టు దాటేలోగా కుదరకపోతే అంతా మెత్తేస్తాను. బోడిగోడైనా సరే, వచ్చినవాళ్లకి వంకరగోడ చూపించను."

పుసెలెట్సో బడి స్కేలుతో అమ్మమ్మ గడి ఎంతుందో కొలిచింది. అవే కొలతలతో మూల నుంచి మొదలుపెట్టి, తడిమట్టిలో ఫోర్కుతో చాళ్లు గీసుకుంటూ తలుపు దాకా వచ్చింది. అయిదు గళ్లు పట్టాయి. తలుపు పక్కన సగం గడికే చోటు మిగిలింది. ఆ సగమూ గీసేసింది.

నీళ్ల బిందెతో పోతున్న పొరుగింటి మాసెచాబా ఆగింది. "ఏమే పిల్లా, మీ ఇల్లు కుంటుతోందా, నాకే కళ్లు తిరుగుతున్నాయా?"

"నీ బిందె కారుతోంది, చూసుకో పెద్దమ్మా," అంది పుసెలెట్సో తల తిప్పకుండా. ఆవిడ మలుపు తిరిగాక స్కేలు పట్టుకుని లినేయో దగ్గరికొచ్చింది. "పిన్నీ, క్లాసులో కాగితం మడిచి నువ్వే కదా చూపించావు, రెండు పక్కలా ఒకేలా ఉండాలని. ఒకేలాగే కొలిచాను. మరి ఇలా ఉందేంటి?"

లినేయో బకెట్ దించింది. "స్కేలు ఇటివ్వు. మొత్తం పొడుగుని ఆరుతో భాగిస్తే..."

"నువ్వు ఊరుకో టీచరమ్మా," అంది తల్లి. "మీ బడిలో తలుపులన్నీ గోడకి నడిమధ్యనే ఉంటాయి కాబోలు."

లినేయో మళ్లీ బకెట్ అందుకుంది. ఆరేళ్లప్పుడు ఈ పిల్ల ఒక ఇంటిబొమ్మ వేసి, ఒక మూల సూర్యుణ్ణి పెట్టి, రెండో మూల బోసిగా ఉందని అక్కడా ఇంకో సూర్యుణ్ణి పెట్టింది. తను ఎర్రసిరాతో ఒకణ్ణి కొట్టేసింది. ఆ రోజంతా తకానే తనతో మాట్లాడలేదు.

పుసెలెట్సో పశువుల దొడ్డి దాకా పరుగెత్తి, వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ వచ్చి ఆ సగం గడిని అరచేత్తో చెరిపి, అక్కడ నిలువు చాళ్లతో సన్నటి పట్టీ గీసింది. మళ్లీ దొడ్డి దగ్గరికి పరుగు. ఈసారి అక్కడే నిలబడిపోయింది. ఎండ గట్టు అంచుకి చేరుతోంది.

"అమ్మమ్మా."

"ఊఁ."

"నీ వైపు, తలుపు పక్క గడి చెరపాలి."

లినేయో చేతిలో బకెట్ ఒలికింది. ఈ ఊళ్లో మామోతేనా గీసిన గడిని చెరపమన్నవాళ్లు లేరు.

"నాదెందుకే చెరపడం? తప్పు నీదైతే!"

"అక్కడా పట్టీ ఉండాలి. నాది సన్నం. నీది గడి మొత్తం వెడల్పు."

"ఒకేలా ఉండక్కర్లేదా?"

"అక్కర్లేదు. నీ గోడ పొట్టిది కదా, తేలిపోతోంది. అటు బరువెక్కాలి."

మామోతేనా భుజాల మీది దుప్పటి బిగించుకుని దొడ్డి దాకా నడిచింది. మనవరాలి పక్కన నిలబడి చాలాసేపు గోడనే చూసింది. తిరిగి వచ్చి గుప్పెడు తడిమట్టి తీసుకుని, తన గడిమీద తనే మెత్తింది.

"ఫోర్కు తేవే."

"నేనే గీస్తాను."

ముసలామె ఒక్క క్షణం చెయ్యి చాపే ఉంచింది. తర్వాత పక్కకి జరిగి, తడిపిన గోనెపట్టా తీసుకుని, మట్టి ఆరకుండా గాలికి అడ్డంగా పట్టుకుంది.

"చేతులు లాగేస్తున్నాయి, త్వరగా కానియ్యవే."

"మాట్లాడించకు అమ్మమ్మా, గీత వంకరపోతుంది."

లినేయో ఖాళీ బకెట్ తీసుకుని ఊట వైపు పరుగెత్తింది.