గుద్దడం రాని జ్ఞానకుమారి

బుధవారం వచ్చిందంటే జ్ఞానకుమారికి గుండెల్లో రాయి పడేది. ఆ సాయంత్రం టీవీలో వచ్చే కామెడీ సీరియల్ అంటే ఆమె భర్త సుందర్ రాజుకి ప్రాణం. మెల్‌బోర్న్‌కి ఉత్తరాన, క్రెయిగీబర్న్‌లో కొత్తగా కట్టుకున్న ఇంట్లో, అన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని మరీ చూసేవాడు. అందులో ఓ మొగుడూ పెళ్ళామూ ఉంటారు. మొగుడికి తెలియని విద్య లేదు. పెళ్ళానికి చెక్కు రాయడం రాదు, దారి గుర్తుండదు, ఇక కారు తీసిందంటే వీధిలో పిల్లులన్నీ గోడలెక్కాల్సిందే. ఆవిడ ఏదో ఒకదాన్ని గుద్దగానే టీవీలోంచి గొల్లుమని నవ్వు లేచేది. ఆ నవ్వుకి సుందర్ రాజు వంత పాడేవాడు.

"జ్ఞానం! రా రా, నిన్ను టీవీలో చూపిస్తన్నారు!"

పదేళ్ళ ఇవాన్ సోఫామీద దొర్లుతూ, "మమ్, దట్స్ సో యూ!" అనేవాడు.

నవ్వు చెడ్డదని ఎవరూ అనరు. మన నాటకాల్లో గయ్యాళి పెళ్ళాం చీపురు తిరగేస్తే పందిరంతా పొట్ట పట్టుకు నవ్వలేదూ? మన దగ్గర ఆడది నోరు తెరిస్తే నవ్వు, అక్కడ ఆడది కారు తీస్తే నవ్వు. ఏ ఊరి సరుకు ఆ ఊరిది. కాకపోతే టీవీ ఇల్లాలి కష్టం అరగంటలో తీరిపోతుంది. జ్ఞానకుమారికి మాత్రం డ్రైవింగ్ లైసెన్సు లేకపోతే గడవదు.

ఆమె కాకినాడలో నర్సింగ్ చదివి, మెల్‌బోర్న్ ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళుగా ఒళ్ళొంచి పనిచేసింది. ఇప్పుడు వార్డుకి ఇన్‌ఛార్జి సిస్టర్‌గా వేస్తామన్నారు. డ్యూటీ తెల్లారకముందే మొదలు. ఆ వేళకి రైలూ లేదు, బస్సూ లేదు. సుందర్ రాజు ఆఫీసు చూస్తే అటు మూల. వచ్చే మంగళవారం డ్రైవింగ్ టెస్టు గట్టెక్కితే ఆ ఉద్యోగం ఆమెది, లేకపోతే ఇంకొకరిది. అప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి బయల్దేరే ముందు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటే, పక్కన కూర్చున్న పరీక్షాధికారి ఆమె నిద్రపోయిందనుకుని కంగారుపడ్డాడు. రెండోసారి, ఎవరినైనా గుద్దేస్తానేమోనన్న భయంతో రౌండబౌట్ అనే గుండ్రటి కూడలి దగ్గర ఆగి, మెల్‌బోర్న్ అంతటికీ దారి ఇచ్చింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయారు.

"మంగళారం టెస్టు క్యాన్సిల్ చేసేస్తానండీ. నలుగుర్లో నవ్వులపాలవ్వడం ఎందుకు?" అంది శుక్రవారం.

"నీ ఇష్టం. అయినా డ్రైవింగంటే ఆడోళ్ళకి కొంచెం కష్టమేలే," అన్నాడు సుందర్ రాజు ఎంతో దయగా. తిట్టినా అంత బాధ ఉండేది కాదు ఆమెకి.

మర్నాడే ఆ సీరియల్ వాళ్ళు వీధిలో దిగారు. ఎదురుగా ఖాళీగా ఉన్న కొత్త ఇంటిముందు షూటింగట. సుందర్ రాజు చర్చికి వెళ్ళేవాడిలా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు వరసలో నిలబడ్డాడు. జ్ఞానకుమారికి రావాలని లేదు, కానీ ఇవాన్ చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

టీవీ ఇల్లాలి అసలు పేరు హెలెనా. యాభై దాటిన మనిషి. జుట్టుకి రోలర్లు, ఒంటిమీద గులాబీ రంగు హౌస్‌కోటు. ఆవిడ కారు వెనక్కి తీస్తూ, ఇటుకల్లా రంగువేసిన తెర్మోకోల్ ఉత్తరాల పెట్టెని పడగొట్టి, పచ్చికకి నీళ్ళు పెడుతున్న మొగుడికి జానెడు దూరంలో ఆగాలి. మొగుడు బెదిరి తన నీళ్ళలో తానే తడవాలి.

మొదటిసారి ఆవిడ అలాగే చేసింది. కెమెరా ఇంకో వైపు పెడతాం, మళ్ళీ అన్నారు. మళ్ళీ చేసింది. ఎండ మారింది, ఇంకోసారి అన్నారు. ప్రతిసారీ పెట్టె అటుపక్కకే పడింది, చక్రం రోడ్డుమీద గీసిన సున్నపు గీతమీదే ఆగింది. పైగా చేతులు అంత నిబ్బరంగా పనిచేస్తుంటే, మొహం మాత్రం 'అయ్యో దేవుడా' అని గావుకేకలు పెడుతోంది!

జ్ఞానకుమారి నోరు తెరుచుకుని చూసింది. ఏడ్చే పిల్లాడికి కబుర్లు చెబుతూ సూది గుచ్చడం ఆమెకీ తెలుసు. చేతిదొక పని, మొహానిదొక పని. అదెంత కష్టమో తెలిసిన మనిషి కాబట్టి ఆమెకి ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ ఈవిడనా నేను తిట్టుకున్నది అనుకుంది.

తర్వాత మొగుడి వంతు. పెళ్ళాం చేతిలోంచి తాళాలు లాక్కుని, కారుని ఠీవిగా లోపల పెట్టాలి. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని మెడ నిక్కించాడు. ఇంజిను చప్పుడే లేదు. నలుగురు ఆజానుబాహువులు కెమెరాకి కనబడకుండా వంగి, వెనకనుంచి కారుని తోయడం మొదలుపెట్టారు.

"ఏమైందండీ, బండి చెడిపోయిందా?" అని సుందర్ రాజు పక్కనున్న మేకప్ ఆవిడని అడిగాడు.

"బండి బాగానే ఉంది. ఆయనకే డ్రైవింగ్ రాదు. ఎప్పుడూ నేర్చుకోలేదు, భయం," అందావిడ.

జ్ఞానకుమారికి నవ్వు ఆగలేదు. చేత్తో నోరు మూసుకుంది, కొంగు కుక్కుకుంది, అయినా ఫక్కున బయటికొచ్చేసింది. డైరెక్టరు "కట్!" అని అరిచాడు. వీధంతా ఇటు తిరిగింది. తోస్తున్న నలుగురూ నడుములు పట్టుకుని కూలబడ్డారు. సుందర్ రాజు ఆమె తన భార్య కాదన్నట్టు ఆకాశంలోకి చూశాడు.

సాయంత్రం సామాను సర్దుతుంటే హెలెనా టీ కప్పుతో ఇటే వచ్చింది. "ఎవరమ్మా ఆ నవ్వింది? ఇరవై ఏళ్ళ బట్టి ఆయన్ని చూసి అలా నవ్వాలని నాకూ ఉంది," అంది.

జ్ఞానకుమారి క్షమాపణ చెప్పి, ఉండబట్టలేక అడిగేసింది. "మేడమ్, అంత కచ్చితంగా ఎలా గుద్దుతారు?"

"పన్నెండో ఏటినుంచి నాన్న పొలంలో ట్రాక్టరు నడిపాను. అయినా ఈ పెట్టెని గుద్దడానికి వారం ప్రాక్టీసు చేశాను," అంటూ హెలెనా వాకిట్లో ఉన్న పాత టయోటా మీది ఎల్ బోర్డు చూసింది. "ఇదెవరిది?"

"నాదే. రెండుసార్లు ఫెయిలయ్యాను. ఎవరినైనా గుద్దేస్తానని భయం. మంగళవారం టెస్టు మానేద్దామని ఉంది."

హెలెనా వెళ్ళి, మిగిలిన తెర్మోకోల్ పెట్టె తెచ్చి వాళ్ళ వాకిలి చివర నిలబెట్టింది. వచ్చి టయోటాలో పక్క సీట్లో కూర్చుంది. "రా. దీన్ని గుద్దు."

"అమ్మో, నా బంపరు!" అన్నాడు సుందర్ రాజు.

జ్ఞానకుమారి కారు వెనక్కి పోనిచ్చింది. పెట్టె ముందు బెత్తెడు దూరంలో కారు టక్కున ఆగింది. మళ్ళీ ముందుకి తెచ్చి, ఈసారి గుద్దే తీరాలని పోనిచ్చింది. మళ్ళీ బెత్తెడే. మూడోసారి పళ్ళు బిగించింది. "కమాన్ మమ్, హిట్ ఇట్!" అని ఇవాన్ గంతులేశాడు. ఆమె కాలు ఆమె మాట వినలేదు, వెళ్ళి బ్రేకు మీద కూర్చుంది. పెట్టె చెక్కు చెదరలేదు.

"నావల్ల కావట్లేదు మేడమ్," అంది ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో.

హెలెనా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంత కష్టపడి ప్రయత్నించినా గుద్దలేకపోయావు. ఇక పొరపాటున ఎలా గుద్దుతావమ్మా?"

 జ్ఞానకుమారికి ఆ మనిషి కాళ్ళమీద పడి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే ఆ దేశంలో బాగుండదని, లోపలికెళ్ళి డబ్బా నిండా జంతికలు తెచ్చి ఇచ్చింది.

మంగళవారం ప్రార్థన ఇంట్లోనే ముగించుకుని వెళ్ళింది. రౌండబౌట్‌లో తన వంతు రాగానే తిరిగింది. పాసయింది.

ఇప్పుడు బుధవారాలు టీవీ ముందు మొదటి కుర్చీ ఆమెదే. హెలెనా కారెక్కిందంటే చాలు, మొహం చూడదు, చేతులే చూస్తుంది. చూసి అందరికన్నా గట్టిగా నవ్వుతుంది. సుందర్ రాజుకి మాత్రం, ఆ టీవీ మొగుడు దర్జాగా కారు లోపల పెడుతుంటే నవ్వు రాదు. "పాపం, ఎనకాల ఎంతమంది తోస్తన్నారో," అంటాడు.

కొత్త డ్యూటీ మొదటిరోజు జ్ఞానకుమారి చీకటితోనే లేచి కారెక్కింది. సుందర్ రాజు లుంగీమీదే వాకిట్లోకి పరిగెత్తుకొచ్చి, కారు వెనక నిలబడి రెండు చేతులూ ఊపసాగాడు. "రా... రా... కొంచెం లెఫ్టు... ఆయ్, నెమ్మది!" ఆమెకి అవేవీ అక్కర్లేదు. అయినా అద్దంలో ఆ మనిషిని చూస్తే ముచ్చటేసి, ఆయన చెప్పినట్టల్లా తలూపుతూ, తన లెక్క ప్రకారం తాను తీసుకుని రోడ్డెక్కింది.

"చూశావా, నేనుండబట్టి!" అన్నాడు ఆయన చలిలో వణుకుతూ.

"ఔనండీ, మీరే తోశారు. లోపలికెళ్ళి స్వెట్టరేసుకోండి," అని ఆమె గేరు మార్చింది.