రెండో విడత చాటున ఛాతీ స్కాను

స్కాన్ సెంటరు వెనక గదిలో సీడీలు రాసే ఆవిడను అందరూ సీడీలక్క అంటారు. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకైనా గుర్తుందో లేదో. పద్దెనిమిదేళ్ళుగా అదే కుర్చీ, అదే గోడ, పక్కన రొద పెట్టే డ్రైవు. పని పెద్దదేం కాదు గానీ, మనుషుల లోపలి బొమ్మలు వాళ్ళ చేతిలో పెట్టి పంపేది తనే కదా అని ఆమెకు ఓ మోస్తరు గీర కూడా ఉంది.

ఆ గీర కాస్తా గురువారం ఉదయం దిగింది.

వచ్చింది ఒక వడ్రంగి భార్య. భర్త ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనబడిందట. సోమవారం ఛాతీ కోసి తీసేద్దామన్నాడట పై అంతస్తు డాక్టరు.

"ఆరేళ్ళ కిందట ఆయన నిచ్చెన మీంచి పడితే ఇక్కడే ఛాతీ స్కాను తీశారక్కా. అప్పుడూ ఆ మచ్చ ఇంతే ఉంటే కొయ్యక్కర్లేదంట. పెరిగుంటే మాత్రం తప్పదంట" అంటూ సంచిలోంచి అప్పుడిచ్చిన సీడీ తీసింది. "ఇందులో పొట్ట స్కాను ఒక్కటే ఉంది, ఛాతీది లేదంటున్నారు. కాస్త చూసిపెట్టండి."

సెంటరు కంప్యూటర్లో మూడేళ్ళు దాటినవి ఉంచరు. ఇక ఆశంతా ఆ సీడీ మీదే. సీడీలక్క డ్రైవులో పెట్టి చూసింది. నిజమే, నాలుగేళ్ళ కిందటి పొట్ట స్కాను తప్ప ఇంకేం లేదు. బయటికి తీసి సీడీ మీద రాత చూసింది. రెండు తేదీలున్నాయి. రెండూ తన చేతిరాతే.

సంగతేమిటంటే, సీడీ రాయడానికి రెండు దారులున్నాయి. అంతా ఒక్క ఊపున రాసేసి, ఇంకెవరూ వేలు పెట్టకుండా మూసేయడం ఒకటి. కొంత రాసి, తలుపు ఓరగా వేసినట్టు వదిలి, తర్వాత ఇంకో విడత చేర్చడం రెండోది. సీడీలక్కకు పని నేర్పిన పెద్దాయన రెండో దారి మనిషి. "జబ్బుమనిషికి పది సీడీలిస్తే తొమ్మిది పారేసుకుంటాడే పిల్లా, ఒకదాని మీదే రాయి" అనేవాడు. అయితే రెండో విడత రాసేటప్పుడు, పాతదాన్ని కూడా కలుపుకోమని తెర మీది గడిలో టిక్కు పెట్టి కంప్యూటరుకు చెప్పాలి. చెప్పకపోతే కొత్త జాబితాలో పాతదాని ఊసే ఉండదు. నాలుగేళ్ళ కిందట ఆ గడిలో టిక్కు పెట్టడం మరిచిన మహాతల్లి ఎవరో కాదు, తనే.

నోరు మూసుకుంటే అడిగే నాథుడు లేడు. "ఇందులో లేదమ్మా" అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎదుటి మనిషి మొహం చూసి మింగేసింది.

"తప్పు నాదమ్మా" అంది. "రెండోసారి రాసేటప్పుడు మొదటిది కలపడం మర్చిపోయాను. అందుకే కనబడట్లేదు."

వడ్రంగి భార్య మొహం పాలిపోయింది. "అయితే చెరిగిపోయిందా?"

"ఇది చెరిగే రకం సీడీ కాదు. రెండోది మొదటిదాని మీద పడదు, దాని పక్క ఖాళీలో పడుతుంది. ఉండే ఉండాలి. కూర్చోండి, వెతుకుతాను."

ధైర్యమైతే చెప్పింది గానీ, ఆరేళ్ళ సీడీ, పైగా గీతలు. ఏ విడతకా విడత విడిగా చూపించే ప్రోగ్రాము తెరిచి మొదటిదాన్ని అడిగింది. చదవలేనంది కంప్యూటరు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే పాట. మూడోసారి డ్రైవు వేగం బాగా తగ్గించింది. డ్రైవు మూలిగి, ఆగి, మళ్ళీ తిరిగింది. తెర మీద ఒక్కొక్కటిగా పక్కటెముకలు, వాటి వెనక ఊపిరితిత్తులు వచ్చాయి. తలుపు ఓరగా ఉంచడం నేర్పిన ఆ పెద్దాయన ఎక్కడున్నా చల్లగా ఉండాలని సీడీలక్క మనసులోనే దండం పెట్టుకుంది.

బొమ్మలు పైకి పంపాక ఆమె ధ్యాసంతా మెట్ల మీదే ఉంది. ఇంకెవరివో రెండు సీడీలు పాడుచేసింది.

అరగంటకు వడ్రంగి భార్య మెట్లు దిగి వచ్చింది. "ఎనిమిది మిల్లీమీటర్లక్కా. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. కొయ్యక్కర్లేదన్నారు" అని సీడీలక్క రెండు చేతులూ పట్టుకుంది. "మీ మేలు ఈ జన్మలో మర్చిపోను."

"నాకెందుకమ్మా దండాలు? నేను సరిగ్గా రాసుంటే మీకీ ఏడుపే ఉండేది కాదు."

"రెండోదానికి వేరే సీడీ ఇచ్చుంటే ఆయన పాతది ఎప్పుడో పారేసుకునేవాడు. ఇంటి తాళాలే మూడుసార్లు పోగొట్టిన మనిషి. అయినా తప్పు నీదని నువ్వు చెప్పబట్టే కదక్కా వెతికావు. లేదంటే సోమవారం కోసేసేవాళ్ళు."

ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. సీడీలక్కకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"మచ్చ కనబడిన కొత్త స్కాను కూడా దీని మీదే రాసివ్వు. నీ చేత్తోనే" అంది వడ్రంగి భార్య.

సీడీలక్క పాత విడతలు రెండింటినీ కలుపుకోమని టిక్కులు పెట్టింది. పెట్టానా లేదా అని మళ్ళీ చూసుకుంది. అప్పటికీ నమ్మకం చాలక తెరను ఆవిడ వైపు తిప్పింది.

"నువ్వూ ఓసారి చూడమ్మా."

వడ్రంగి భార్య వంగి, ఒక్కో గడి మీదా వేలు ఆనించి చూసింది. "ఉన్నాయక్కా, రాయి" అంది.