బక్కమ్మ కన్ను

మొగిలమ్మకు కోపమొస్తే ఎదురుగా ఉన్నది డాక్టరా, దేవుడా అని చూడదు. కూతురు రమకు కాన్పై ఇంకా ఒక పూటైనా గడవలేదు. నాలుగు కిలోల మనవడు బుగ్గలేసుకుని హాయిగా నిద్రపోతున్నాడు. అలాంటివాణ్ని లేపి మరీ మడమకు సూది గుచ్చి నెత్తురు తీస్తుంటే ఏ అమ్మమ్మ ఊరుకుంటుంది?

“సల్లగ పండుకున్న పోరన్ని ఎందుకు సతాయిస్తానరు? ఆకలైతే వాడే ఏడుస్తడు గద,” అంది.

“ఏడవడమ్మా. మా భయం అదే,” అంది డాక్టరమ్మ.

కడుపుతో ఉన్నప్పుడు రమకు షుగరొచ్చింది. అందువల్ల ఏమవుతుందో డాక్టరమ్మ విడమరచి చెప్పింది. తల్లి నెత్తుటిలో ఎక్కువైన చక్కెర బిడ్డకూ పోతుంది. దాన్ని తట్టుకోవడానికి బిడ్డ ఒళ్లు ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుంటుంది, లావెక్కుతుంది. పుట్టి బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. ఇన్సులిన్ మాత్రం వెంటనే తగ్గదు. ఉన్న కాస్త చక్కెరా అడుగంటితే బిడ్డ మత్తుగా పడుకుంటాడు, పాలకు కూడా లేవడు. చూసేవాళ్లకేమో బుద్ధిమంతుడిలా కనిపిస్తాడు.

“అట్లనే పండనిస్తే?” అని అడిగింది మొగిలమ్మ.

“ప్రాణం మీదికి రావచ్చు. అందుకే నెత్తుట్లో చక్కెర చూస్తూ, లేపి పాలు పట్టిస్తున్నాం.”

రమ రొమ్ముకు పట్టించగా పట్టించగా వాడు కాసిని గుక్కలు మింగి కాళ్లాడించాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మొగిలమ్మ మాత్రం గోడకు ఆనుకుని కూలబడింది.

ఆమె తొలిచూలు కొడుకూ ఇలాగే బొద్దుగా పుట్టాడు, ధర్మసాగర్ దగ్గర పల్లెలో, ఇంట్లోనే. వాడు కడుపులో ఉన్నన్నాళ్లూ ఎన్ని నీళ్లు తాగినా ఆమెకు దూప తీరేది కాదు. పుట్టినవాడు ఏడవకుండా పడుకుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోయారు, లేపొద్దన్నారు. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోశారు. మర్నాటికి పిల్లాడు లేడు.

“నాకు అప్పుడే షుగరుండెనా డాక్టరమ్మా?”

“ఉండి ఉండొచ్చు. ఇప్పుడు ఖాయంగా చెప్పలేం.”

పసివాడు పోతే ఆ పాపం ఎవరో ఒకరి నెత్తిన వేయాలి మనవాళ్లకు. యారాలు బక్కమ్మ నెత్తిన వేశారు. ఆమె మొగిలమ్మ మరిది భార్య, పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. వాణ్ని ఒళ్లోకి తీసుకుని “ఎంత ముద్దుగున్నడక్కా, నాకిస్తవా” అనడమే ఆమె చేసిన నేరం. బక్కమ్మ కన్ను తగిలిందని అందరికన్నా గట్టిగా అన్నది మొగిలమ్మే. ఆ తర్వాత వాడలో ఏ పురుటికీ బక్కమ్మకు పిలుపు లేదు. రమ పుట్టినప్పుడైతే ఆమె నీడ పడకుండా మొగిలమ్మ తలుపు గడియ పెట్టుకుంది. ముప్పై ఏళ్ల పైచిలుకు, నడుమ ఒక్క గోడ, మాటల్లేవు.

మనవడి ఇరవై ఒకటో రోజు ఫంక్షనుకు పిలవడానికి మొగిలమ్మ కుంకుమ పట్టుకుని మొదట ఆ గడపే ఎక్కింది. బొట్టు పెట్టబోతూ ఆగింది.

“బక్కీ, నీ కన్ను గాదే. నా నెత్తుట్ల షుగరేమోనట. ఉత్తగనే నీ ఉసురు పోసుకున్న.”

బక్కమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నుదురు ముందుకు వంచి బొట్టు పెట్టించుకుంది, అంతే.

ఆ రోజు వచ్చింది కూడా. ఆడవాళ్లందరి వెనక, తలుపు పక్కన ముడుచుకుని కూర్చుంది. మొగిలమ్మ నలుగురూ చూస్తుండగా మనవణ్ని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. బక్కమ్మ చేతులు వాణ్ని పొదివి పట్టుకుని గుండెకు హత్తుకున్నాయి. కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంది.

“సూడు బక్కీ, ఒక్కపారి సూడు,” అంది మొగిలమ్మ ఏడుస్తూ.

“నువ్వన్నదే నిజమనుకొని బతికిన అక్కా గిన్నేండ్లు. ఇప్పుడు సూడుమంటే భయమైతాంది. గిట్లనే ఉండనీ, నీ మనుమడు సల్లగుండాలె.”